ముసలి పిల్లికి మందులెందుకు?

పిల్లి తిరగని ముస్లిం ఇల్లు అరుదు. పాలగిన్నెకు మూత పెట్టుకుంటాము గాని, వాకిట్లోకి వచ్చిన పిల్లిని కర్ర పట్టుకొని తరమమని మన పెద్దలు నేర్పలేదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) సహచరులలో అందరికంటే ఎక్కువ హదీసులు ఉల్లేఖించిన మహనీయుణ్ణి లోకం ఆయన అసలు పేరుతో ఎరుగదు. ‘పిల్లికూన తండ్రి’ అనే అర్థం గల అబూ హురైరా (రజి) అన్న పేరుతోనే ఎరుగును. ఈ సంగతి చెప్పినప్పుడల్లా పిల్లల కళ్ళు మెరుస్తాయి.

అయితే కూనగా ఉన్న పిల్లిని ముద్దుచేయడం ఎవరికైనా తేలికే. అది ముసలిదై, ఒళ్ళు చిక్కి, చూపు పోయి, మంచాన పడిన మనిషిలా మన సేవ కోసం ఎదురుచూసే రోజు వచ్చినప్పుడు మన కర్తవ్యం ఏమిటి? ఈ ప్రశ్న మా ఇంట్లో దాదాపు ఏడాదిన్నరపాటు ప్రతిదినమూ మా ముందు నిలిచింది. ఆ అనుభవం మరికొన్ని కుటుంబాలకు ఉపయోగపడుతుందని తలచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నీళ్ళ చెంబు దగ్గర

మాది సూర్యాపేట జిల్లా మఠంపల్లి. కృష్ణానదికి చేరువలోని ప్రాంతం. ఒకవైపు సాగర్ ఎడమ కాలువ కింద వరి, మిరప చేలు. మరోవైపు సున్నపురాయి గనులు, సిమెంటు కర్మాగారాలు. ధాన్యం బస్తాలు ఉన్నచోట ఎలుకలు తప్పవు. 2008 వానాకాలంలో మావారు ఒక రైసుమిల్లు నుండి అరచేతిలో పట్టేంత బూడిదరంగు కూనను తెచ్చి మా అత్తగారి ఒడిలో పెట్టారు. దాని వెండి మెరుపు చూసి ఆమె ‘చాందీ’ అని పేరు పెట్టారు. అప్పటినుండి పదేళ్ళకు పైగా మా గోతాలకు ఎలుక పన్ను తగలలేదు.

2023 శీతాకాలంలో దాని నడవడిలో ఒక మార్పు కనిపించింది. అంతకుముందు నీళ్ళు తాగుతుండగా అరుదుగా కనిపించే చాందీ, మేము ఉజూ చేసుకునే వేళకు చెంబు దగ్గర కూర్చుని ఎదురుచూడసాగింది. చెంబు ఖాళీ అయ్యేదాకా తాగేది. ఇసుక తొట్టి రోజుకు రెండుసార్లు మార్చవలసి వచ్చేది. బొచ్చు నిగనిగ తగ్గింది. వెన్నెముక చేతికి తగిలేది. చలికాలంలో ఇంత దాహమేమిటని అత్తగారే మొదట శంకించారు.

ఒకనాడు మగ్రిబ్ నమాజు తర్వాత చాందీ నడుస్తూ వచ్చి మంచం కోడుకు తల కొట్టుకుంది. దీపం వెలుగులో చూస్తే దాని కంటిపాపలు రెండూ నల్లగా, పూర్తిగా విచ్చుకొని ఉన్నాయి. వెలుతురు తగిలినా ముడుచుకోలేదు. మా మండలంలోని పశువైద్యుడు పశువులనూ మేకలనూ చూడడంలో అనుభవజ్ఞుడు. ఆయన చాందీని శ్రద్ధగా పరీక్షించి, దీనికి రక్తపోటు కొలవాలి, చిన్న జంతువులకు ఆ పరికరం ఉన్నచోటికి ఆలస్యం చేయకుండా తీసుకువెళ్ళండి అన్నారు. మరునాడే హుజూర్‌నగర్, కోదాడ, నందిగామ మీదుగా విజయవాడ చేరాము. బుట్టలో చాందీ, పక్కన అత్తగారు. దారి పొడవునా ఆమె చేయి బుట్ట మీదనే ఉంది.

మూత్రపిండాలు, రక్తపోటు

అక్కడి వైద్యురాలు మాకు ఓపికగా వివరించిన విషయాలు పిల్లిని పెంచే ప్రతి ఇంటివారూ తెలుసుకోదగినవి.

పిల్లి పూర్వజాతి ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా మెట్ట ప్రాంతాలకు చెందినది. తక్కువ నీటితో బతకడానికి అనువుగా సృష్టికర్త దాని మూత్రపిండాలకు మూత్రాన్ని ఎంతో చిక్కగా చేసే శక్తినిచ్చాడు. వయసు మళ్ళిన పిల్లుల్లో ఆ మూత్రపిండాలు క్రమంగా దెబ్బతినడం చాలా సాధారణం. అప్పుడు మూత్రం పలుచబడి ఎక్కువగా పోతుంది; ఆ లోటు తీర్చుకోవడానికి పిల్లి అదేపనిగా నీళ్ళు తాగుతుంది. ఈ లక్షణం బయటపడే నాటికే మూత్రపిండాల శక్తి సుమారు మూడింట రెండు వంతులు పోయి ఉంటుంది. రక్త పరీక్షలో క్రియాటినిన్ పెరిగే నాటికి నాలుగింట మూడు వంతులు పోయి ఉంటుంది. పోయిన భాగం తిరిగి రాదు. మిగిలినదాన్ని కాపాడుకోవడమే చికిత్స.

మూత్రపిండాల జబ్బు ఉన్న పిల్లుల్లో రక్తపోటు కూడా తరచుగా పెరుగుతుంది. అది కళ్ళను, మెదడును, గుండెను, తిరిగి ఆ మూత్రపిండాలనే దెబ్బతీస్తుంది. పిల్లికి పై రక్తపోటు 160 దాటితే చికిత్స గురించి ఆలోచించాలి. 180 దాటితే ప్రమాదం తీవ్రం. కంటి వెనుకనున్న పలుచని పొర ఆ ఒత్తిడికి ఊడివచ్చి, పిల్లి ఉన్నట్టుండి గుడ్డిదవుతుంది. చాందీకి జరిగింది అదే. కొత్త చోట బెదిరిన పిల్లికి రక్తపోటు ఎక్కువగా చూపుతుంది గనుక, దాన్ని చీకటి గదిలో కాసేపు ఊరకుండనిచ్చి, ముంగాలికి చిన్న పట్టీ చుట్టి, ఆరేడుసార్లు కొలిచి సగటు తీశారు. 210 వచ్చింది. క్రియాటినిన్ 3.4. నాలుగు దశల్లో ఇది మూడోది. బరువు 3.1 కిలోలు. ఒకప్పుడు నాలుగు కిలోలకు పైగా ఉండేది.

ఆమె రాసిచ్చిన మందు పేరు చదివి మా అబ్బాయి తలెత్తి దాదీమా వైపు చూశాడు. ఆమ్లోడిపిన్. అత్తగారికి ఎనిమిదేళ్ళ క్రితం డాక్టరు రాసిన బి.పి. మాత్ర కూడా అదే. ఆమెది 5 మిల్లీగ్రాములు, చాందీకి 2.5 మిల్లీగ్రాముల మాత్రలో నాలుగో వంతు, రోజుకు ఒకసారి.

వాకిట్లో ఒక ప్రశ్న

ఊరికి తిరిగివచ్చిన రెండో రోజు పొరుగింటి సోదరి వచ్చింది. మంచి మనిషి, కష్టసుఖాల్లో మాకు తోడున్న మనిషి. మేము విజయవాడ వెళ్ళి వచ్చిన సంగతి విని ఆశ్చర్యపోయింది.

“ముసలి పిల్లికి మందులెందుకు భాభీ? అది ఎలుకలు పట్టడం మానేసి ఎన్నేళ్ళయింది! ఎలాగూ పోయేదే కదా. ఆ డబ్బుతో ఎవరైనా బీదవారికి అన్నం పెట్టవచ్చు గదా?” అంది.

ఆమె మాటలో దురుద్దేశం లేదు. బీదల ఊసెత్తింది గనుక తోసిపుచ్చదగిన మాటా కాదు. కాని ఆ సమయంలో అత్తగారు అరుగు మీద తస్బీహ్ తిప్పుతూ కూర్చుని ఉన్నారు. ఆమె వేళ్ళు ఆగిపోవడం నేను గమనించాను. 74 ఏళ్ళ మనిషి. మోకాళ్ళు పట్టుకుపోయి వంటింటి పని మానేసి నాలుగేళ్ళయింది. కొన్ని నెలలుగా ఆమె తన మాత్రలు సరిగా వేసుకోవడం లేదు. అడిగితే “ఈ వయసులో నాకెందుకమ్మా మందులు, పిల్లల ఫీజులకు పనికొస్తాయి ఆ పైసలు” అని నవ్వేసేవారు. పొరుగామె అడిగింది పిల్లి గురించే. కాని మేము ఇచ్చే జవాబు అరుగు మీదికి కూడా వినిపిస్తుంది.

నేను ఏదో సర్దిచెప్పబోతుండగా మావారు లోపలినుండి వచ్చి, “ఇది మనకు పదిహేనేళ్ళు పని చేసి పెట్టిందమ్మా. ఇప్పుడు మన వంతు” అని మాత్రం అన్నారు. తస్బీహ్ పూసలు మళ్ళీ కదిలాయి.

ఆ రాత్రి ఇషా తర్వాత పిల్లలతో కూర్చుని ఈ విషయంలో మన ధర్మం ఏమంటుందో చదువుకున్నాము.

ధర్మం చెప్పేదేమిటి?

ఒక స్త్రీ పిల్లిని బంధించి, తిండి పెట్టక, నేల మీది పురుగూ పుట్రా తిని బతకడానికి వదలనూ లేక, చివరకు దాని చావుకు కారణమై నరకానికి పోయిందని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉన్నది. ఈ హదీసు మనందరికీ చిన్ననాటినుండి తెలుసు. దాన్ని చాందీ పక్కన కూర్చుని చదివినప్పుడు ఒక విషయం స్పష్టమయింది. ఆ స్త్రీకి రెండు దారులు ఉండినాయి: తిండి పెట్టడం, లేదా వదిలిపెట్టడం. చూపు పోయి, వేటాడలేని ముసలి పిల్లి విషయంలో రెండో దారి మూసుకుపోయింది. దాన్ని బయట వదిలితే అది స్వేచ్ఛ కాదు, చావు. ఇక మనకు మిగిలింది మొదటి దారి ఒక్కటే.

హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఉజూ చేయబోగా ఒక పిల్లి వచ్చిందట. ఆయన పాత్రను వంచి దాని దప్పిక తీరేదాకా తాగనిచ్చారు. విస్తుపోయి చూస్తున్న కోడలు కబ్షాకు, పిల్లి అపరిశుద్ధమైనది కాదనీ, అది మీ మధ్య తిరుగాడే వాటిలోనిదనీ దైవప్రవక్త (స) తెలిపినట్లు చెప్పారు. సునన్ అబూ దావూద్‌లో ఈ ఉల్లేఖనం ఉంది. ‘మీ మధ్య తిరుగాడేవి’ అన్న భావం ఎంత లోతైనదో చూడండి. పిల్లిని ఇంటికి వచ్చిపోయే పరాయి జంతువుగా గాక ఇంటివారిలో కలిసినదిగా చెప్పారు. మా ఉజూ చెంబు దగ్గర కూర్చునే చాందీని అత్తగారు ఒక్కనాడూ అదిలించకపోవడానికి కారణం ఈ హదీసే.

ముసలి జంతువు ప్రసక్తి సూటిగా వచ్చే చోటు మరొకటి ఉంది. హిజ్రీ 660 (క్రీ.శ. 1262)లో కైరోలో మరణించిన సుప్రసిద్ధ ధర్మవేత్త ఇజ్జుద్దీన్ ఇబ్న్ అబ్దుస్సలామ్ తన ‘ఖవాయిదుల్ అహ్‌కామ్’లో మనిషి మీద జంతువులకున్న హక్కులను వరుసగా పేర్కొన్నారు. వాటిలో మొదటిది పోషణ. ఆ జంతువు ముసలిదై గాని, రోగంతో గాని, దానివల్ల ఏ ప్రయోజనమూ లేని స్థితికి చేరినా సరే, దాని పోషణ యజమాని బాధ్యతే అని ఆయన స్పష్టం చేశారు. ఏడున్నర శతాబ్దాల క్రితమే ఈ ప్రశ్నకు జవాబు రాసి పెట్టారన్నమాట.

ఆ రోజుల్లో ఈ భావన పుస్తకాలకే పరిమితం కాలేదు. ఈజిప్టును ఏలిన సుల్తాన్ బైబర్స్ కైరోలో తన మసీదు దగ్గరి ఒక తోటను పిల్లుల ఆహారం కోసం వక్ఫ్ చేసినట్లు, కాలక్రమంలో ఆ తోట చేతులు మారినా ఖాజీ ఆధ్వర్యంలో రోజూ పిల్లులకు తిండి పెట్టే ఆనవాయితీ కొనసాగినట్లు ఆంగ్ల రచయిత ఎడ్వర్డ్ లేన్ 1836లో ప్రచురించిన గ్రంథంలో నమోదు చేశాడు.

ఇక బీదల మాట. జకాత్ వేరు, సదఖా వేరు, ఇంటివారి పోషణ వేరు. ఒకరి హక్కు కోసి ఇంకొకరికి పెట్టమని ధర్మం చెప్పలేదు. చాందీ మందులకు, ఆహారానికి నెలకు సుమారు 2,500 రూపాయలు అయ్యేవి. సదఖా డబ్బాలో వేసే మొత్తాన్ని రూపాయి కూడా తగ్గించకూడదని, బయటి తిండి, కూల్‌డ్రింకులు మానుకోవాలని ఇంటిల్లిపాదీ నిర్ణయించుకున్నాము. స్తోమత లేని ఇంటికి ఇంత ఖర్చు విధి అని నేను అనడం లేదు. శక్తికి మించిన భారం అల్లాహ్ ఎవరిమీదా మోపడు. నీడ, నీరు, మెత్తని తిండి, ఆదరణ పేదింట్లో కూడా ఇవ్వగలిగినవే.

రోజువారీ సేవ

ఫజ్ర్ నమాజు కాగానే మాత్ర. ఉడికించిన కోడిమాంసం చిటికెడు తీసుకొని అందులో పావు మాత్ర దాచి పెట్టేవాళ్ళం. వెంటనే సూది లేని సిరంజితో రెండు చుక్కల నీళ్ళు. లేకుంటే మాత్ర గొంతులో అంటుకుని పుండు చేస్తుంది. రమజానులో ఇదే పని సహరీ వేళకు జరిగేది.

నీళ్ళు ఒక్కచోట కాక నాలుగు మట్టి మూకుళ్ళలో పెట్టాము. ఎండుచేపలు, ఉప్పు వేసిన కూరముక్కలు పూర్తిగా మానేశాము. మూత్రపిండాల రోగికి భాస్వరం శత్రువు. ఎముకల్లో, కార్జంలో అది ఎక్కువ. 2024 బక్రీదునాడు చాందీకి దక్కింది ఉప్పు లేకుండా ఉడికించిన నాలుగు మాంసం ముక్కలే. పాలు కూడా ఆపాము. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. మూత్రపిండాల రోగం ఉన్న పిల్లులకోసం తయారుచేసే ఆహారాన్ని మొదట అది మూతితో కూడా తాకలేదు. పాత తిండిలో చెంచాడు చొప్పున కలుపుతూ నెల రోజుల్లో అలవాటు చేశాము. పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే కాలేయం పాడవుతుంది గనుక, సరైన తిండి తినడంకంటే ఏదో ఒకటి తినడం ముఖ్యమని వైద్యురాలు హెచ్చరించారు.

వారానికి మూడుసార్లు చర్మం కింద సెలైన్ ఎక్కించాలి. రింగర్ లాక్టేట్ సీసాను గోరువెచ్చని నీళ్ళలో ఉంచి, భుజాల మధ్య చర్మాన్ని గుడారంలా పైకెత్తి, ప్రతిసారీ కొత్త సూదితో 100 మిల్లీలీటర్లు. వైద్యురాలి ఎదుట రెండుసార్లు చేసి చూపి, ఆ పని మా అబ్బాయి నేర్చుకున్నాడు. ఇంటర్ చదివే కుర్రవాడు, అంతకుముందు పిలిచినా పలకనివాడు, చాందీని ఒడిలో పెట్టుకుని బిస్మిల్లాహ్ అంటూ సూది గుచ్చేవాడు. చర్మం కింద ఉబ్బిన నీరు కొన్ని గంటల్లో ఇంకిపోయేది.

రెండు వారాలకు రక్తపోటు 150కి దిగింది. ఒక కంటికి కొద్దిగా చూపు తిరిగివచ్చింది. గుడ్డి పిల్లికి ఇల్లు కంఠస్థంగా ఉంటుంది గనుక మంచాలు, పెట్టెలు ఉన్నచోటునుండి జరపలేదు. ముట్టుకునే ముందు పేరుపెట్టి పిలవాలని మా అమ్మాయి అందరికీ నియమం పెట్టింది. ఇసుక తొట్టిని నమాజు చేసుకునే గదికి దూరంగా ఉంచి, ఎత్తిన ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కునేవాళ్ళం. గర్భిణులు ఆ తొట్టిని తాకకూడదని ఇక్కడ గుర్తుచేస్తున్నాను.

ఇంకొక హెచ్చరిక ఎంతో అవసరం. మనుషుల మందే కదా అని పిల్లికి సొంతంగా ఏదీ ఇవ్వకండి. జ్వరానికి మనం వేసుకునే పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు; దాన్ని విరిచివేసే శక్తి పిల్లి కాలేయానికి లేదు. మందు, మోతాదు రెండూ పశువైద్యులే నిర్ణయించాలి. దగ్గరలో వసతి లేనివారికి గన్నవరంలోని ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్నాయి.

రెండు మాత్రలు

చాందీకి మందు మొదలైన పదిరోజులకు ఒక ఉదయం నేను పావు మాత్ర కోస్తుండగా అత్తగారు చేయి చాపారు.

“నాదీ ఇటివ్వు బేటీ. దానికి వేళ తప్పకుండా వేస్తూ నాది నేను ఎగ్గొడితే రేపు అల్లాహ్‌కు ఏం చెప్పుకోను? నా ఒళ్ళు కూడా ఆయన ఇచ్చిన అమానతే గదా” అన్నారు.

అప్పటివరకు మేము ఎంత బతిమాలినా, గద్దించినా జరగని పని అది. ఆ రోజునుండి ఇద్దరి మాత్రలూ ఒకే డబ్బాలో, ఒకే వేళకు. ‘దాదీమాకు ఒకటి, చాందీకి పావు’ అని మా అమ్మాయి డబ్బా మీద కాగితం అంటించింది. తర్వాత అత్తగారిని కోదాడ తీసుకువెళ్ళి బి.పి.తో పాటు క్రియాటినిన్ కూడా చూపించాము. అల్‌హమ్దులిల్లాహ్, మూత్రపిండాలు బాగున్నాయి. బి.పి. మాత్రం ఎక్కువగా ఉండి మోతాదు సరిచేశారు. నొప్పి లేదు గనుక జబ్బు లేదనుకోవడం రక్తపోటు విషయంలో చెల్లదు. మనిషిలోనైనా, పిల్లిలోనైనా అది చప్పుడు లేకుండానే పని కానిస్తుంది.

ఆమె మందులు మానేసింది డబ్బు కోసం కాదని నాకు తర్వాత బోధపడింది. పని చేయలేని తాను ఇంటికి బరువేమో అన్న అనుమానం ఆమెకు లోలోపల ఉండింది. ‘మీరు మాకు బరువు కాదు’ అని నోటితో చెబితే ఏ పెద్దవారూ నమ్మరు. పని మానేసిన ఒక ముసలి జీవికి ఆ ఇంట్లో తెల్లవారుజామునే లేచి మందు వేయడం చూస్తే నమ్ముతారు.

చాందీ మరో 17 నెలలు బతికింది. 2025 మే నెలలో తిండి మానేసింది. క్రియాటినిన్ 8 దాటింది. ఇక సూదులతో బాధపెట్టవద్దని, శాంతిగా ఉండనివ్వమని వైద్యురాలు చెప్పారు. బాధ తీర్చడానికి ప్రాణం తీసే పద్ధతి గురించి కూడా చెప్పారు. ఆ విషయంలో పండితుల అభిప్రాయాలు వేరువేరుగా ఉన్నందున మా ఆలిమ్ గారిని అడగాలనుకున్నాము. ఆ అవసరం రాలేదు. మూడోనాటి తెల్లవారుజామున అత్తగారి మంచం కింద, ఆమె పాత దుపట్టా మీద చాందీ కన్నుమూసింది. పెరట్లో వేపచెట్టు కింద లోతుగా గుంట తీసి పూడ్చిపెట్టాము. పొరుగింటి సోదరి కూడా వచ్చి నిలబడింది. కొద్దిరోజులకు ఆమె తన తల్లికి బి.పి. చూపించడానికి మాతోపాటు కోదాడ వచ్చింది.

కొద్దిపాటిదైనా నిరంతరం చేసే సత్కార్యమే అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమని దైవప్రవక్త (స) బోధించారు. నయం కాని రోగికి చేసే సేవ అటువంటిదే. అందులో గెలుపు లేదు, పొగడ్త లేదు. వేళకు ఒక పావు మాత్ర, ఒక మూకుడు నీళ్ళు, పేరుపెట్టి పిలిచే ఒక పిలుపు మాత్రమే ఉంటాయి. మన ఇళ్ళలోని పెద్దలు, మన మధ్య తిరుగాడే మూగజీవాలు మన చేతుల్లో ఉన్నంతకాలం వారి హక్కు నెరవేర్చే ఓపికను, స్తోమతను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.